పాటలు పెట్టకుండా కోనసీమలో మూడు రోజులు

కర్నూలులో రైలెక్కే ముందు మా అత్తకు ఒక మాట ఇచ్చాను. ప్రయాణంలో పాపకు ఫోన్లో పాటలు పెట్టను అని.

పాప పేరు తన్వి. ఇరవై రెండు నెలలు నిండాయి. ఇంతవరకు ఒక్క మాట పలకలేదు. నవ్వుతుంది, ఏడుస్తుంది, కావలసింది వేలితో చూపిస్తుంది. 'అమ్మ' అని కూడా అనదు. చెవులు పరీక్ష చేయిస్తే బాగానే వినపడుతోందన్నారు. పిల్లతో బాగా మాట్లాడుతూ ఉండండి, రెండేళ్లు నిండాక మళ్లీ తీసుకురండి అని డాక్టరు గారు పంపించేశారు. ఇంకా రెండు నెలలు. ఆ రెండు నెలలు ఎలా గడపాలో మాత్రం ఆయన చెప్పలేదు.

మా అత్త అయితే కారణం కనిపెట్టేసింది. "కడుపులో ఉన్నప్పటి నుంచి ఆ సినిమా పాటలే వినిపిస్తివి. ఫోనే మాట్లాడుతుంటే ఇంక పిల్లెందుకు మాట్లాడుతుంది?" అంది. కాదని గట్టిగా చెప్పలేకపోయాను. ఆ అనుమానం నాకూ ఉంది.

ఆ సినిమా మేము ఇంటర్ రెండో ఏడు చదువుతున్నప్పుడు వచ్చింది. మా వయసు అబ్బాయి, మా వయసు అమ్మాయి, కోనసీమ కాలవలు, పడవ, సైకిలు. మొత్తం ఆరు పాటలు. విజయవాడ హాస్టల్లో నా పక్క మంచం కెజియాది. రాజోలు అవతల ఊరు వాళ్లది. ఆమె చిన్న ఫోను పాలపొడి డబ్బాలో దాచేది. దుప్పటి కప్పుకుని చెరొక చెవికి ఒక తీగ పెట్టుకుని ఆ ఆరు పాటలూ వినేవాళ్లం. సినిమా చూసింది ఒక్కసారే. పాటలు ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. తన్వి పుట్టాక అవే పాటలు పెట్టి పాలు పట్టాను, అవే పెట్టి నిద్రపుచ్చాను. మూడో పాట మొదట్లో వేణువు వినపడితే ఎంత ఏడుపైనా ఆపేది.

ఇన్నేళ్లకు కెజియా ఫోన్ చేసి, కొడుకు మొదటి పుట్టినరోజుకు పుట్టింట్లో కృతజ్ఞత కూడిక పెడుతున్నాం, తప్పకుండా రావాలి అంది. మా ఆయనకు సెలవు దొరకలేదు. నేనూ తన్వీ బయలుదేరాం.

రావులపాలెం దాటాక

కోనసీమ గురించి అందరూ పచ్చదనం చెబుతారు. పసిపిల్లను ఎత్తుకుని వెళ్లిన నాకు మాత్రం ముందు నీళ్లు కనపడ్డాయి. రోడ్డు పక్కన కాలవ, ఇంటి ముందు కాలవ, ఇంటి వెనక బోదె అనే పిల్లకాలవ. దేనికీ గోడ లేదు. మా కర్నూలులో నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందా అని చూస్తాం. ఇక్కడ నీళ్ల నుంచి పిల్లను ఎలా కాపాడుకోవాలా అని చూశాను. ఈ భయంతోనే బయలుదేరే ముందు పాపకు కీచుకీచుమని అరిచే బూట్లు కొన్నాను. అటూ ఇటూ పోతే తెలుస్తుందని.

రావులపాలెంలో కొత్తపేట ఆటో ఎక్కాం. నా పక్కన ఒకావిడ అరటి గెల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. రెండు చక్రకేళి పళ్లు తుంచి ఒకటి తన్వికి ఇచ్చి, "పాపగారూ, ఎక్కడికండీ ప్రయాణం?" అని అడిగింది.

"కొత్తపేటకండీ" అన్నాను.

"మీ పేరేంటండీ?"

"తన్వి అండీ" అన్నాను.

ఆవిడ నవ్వింది. "మిమ్మల్ని కాదండీ, పాపగారిని అడిగేను."

ఇంకా మాటలు రాలేదని చెప్పాను. "వస్తాయిలెండి, ఎక్కడికి పోతాయి" అని రెండో పండు నాకు ఇచ్చింది. ఇక్కడ పసిపిల్లలను కూడా 'అండీ' అంటారు. సగం ముద్దు, సగం వేళాకోళం. మా వైపు రెండేళ్ల పిల్లను 'అండీ' అంటే పిల్లే బెదిరిపోతుంది.

అంతలో డ్రైవరు పాట పెట్టాడు. వేణువు. మా మూడో పాట.

తన్వి పండు వదిలేసి నా సంచీ పట్టుకుని లాగడం మొదలుపెట్టింది. పాట ఎక్కడ వినపడినా అది నా ఫోన్లోంచే వస్తోందని దాని నమ్మకం.

"ఏవండీ, ఆ పాట కొంచెం ఆపుతారా?" అని అరిచాను.

"బాలేదాండీ?" అన్నాడు డ్రైవరు, మనసు నొచ్చుకున్నట్టు. "మా కాలవ మీద తీసిన పాటండీ ఇది. అదిగో ఆ లాకు తలుపుల దగ్గరే హీరోయిన్ సైకిల్ మీంచి పడింది."

"బాగుందండీ. బాగుందనే ఆపమంటున్నాను."

అర్థం కాలేదు గానీ ఆపాడు. తన్వి ఏడుపు అందుకుంది. కాళ్లు తన్నింది. ఒక బూటు ఊడి రోడ్డు మీద పడి, కీచుమని ఒక్క అరుపు అరిచి, దొర్లుకుంటూ కాలవలో పడింది. ఆటో ఆగింది. అందరం దిగి చూశాం. ఎర్ర బూటు నీటి మీద తేలుతూ నెమ్మదిగా వెళ్లిపోతోంది.

"అమలాపురం వైపే పోతోందండీ" అన్నాడు డ్రైవరు. "మీరెళ్లేసరికి అక్కడ ఉంటుంది."

కొత్తపేట

కెజియా కొత్తపేటలో ప్రభుత్వ బడిలో టీచరు. లావయింది, నవ్వు మారలేదు. వాళ్ల గేటు నుంచి కాలవకు ఇరవై అడుగులు. కొలిచి చూశాను. నా చున్నీ ఒక కొస తన్వి నడుముకు, ఒక కొస నా చేతికి కట్టుకుంటే కెజియా నవ్వి, "గేదెని కట్టినట్టు కట్టేవేంటే శైలూ" అంది.

మేం వెళ్లిన పొద్దున్నే దిబ్బరొట్టె కాల్చింది. మందంగా, పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా ఉంటుంది. చెరుకు పానకంలో ముంచుకుని తినాలి. ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిని పెరిగిన నాలుకకు పొద్దున్నే తీపి కొత్త. మూడో ముక్కకి అలవాటైంది. మంచినీళ్లు అడిగితే కొబ్బరిబొండం కొట్టి ఇచ్చారు. మా ఊళ్లో బొండం తాగుతూ కనపడితే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు. అక్కడ యాభై రూపాయలు. ఇక్కడ బజారులో కొన్నా పాతికే.

కెజియా కొడుకు ఎలీషా నేల మీద పాకుతూ 'తాత, తాత' అని గోడను పిలుస్తున్నాడు. ఏడాది పిల్లాడు. నేను తన్వి వైపు చూడకుండా పానకం గిన్నె వైపు చూశాను. కెజియా గమనించి వాడిని ఎత్తుకుని లోపలికి తీసుకుపోయింది. దాంతో ఇంకా కష్టంగా అనిపించింది.

తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, "నీకో సంగతి చెప్పాలే. ఎల్లుండి మా నాన్నగారి ముందు ఆ సినిమా ఊసెత్తకు" అంది.

వాళ్ల నాన్నగారు దేవదానం మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు. వాళ్లింట్లో సినిమా పాట నిషేధం. ఇంటర్ సెలవల్లో ఇంటికెళ్లినప్పుడు కెజియా పంపు దగ్గర గిన్నెలు తోముతూ మూడో పాట కూనిరాగం తీసిందట. వెనక నాన్నగారు నిలబడి ఉన్నారట. "ఏం పాటమ్మా అది?" అన్నారట.

"సండే స్కూల్ పిల్లలకి నేర్పుదామని కట్టేనండీ అనేశాను. మాటలేవి అన్నారు. సాయంత్రానికి రాసిస్తానండీ అన్నాను. కూర్చుని రాసేశాను."

సినిమాలో ఆ పాటలో పడవ మీద అబ్బాయి అడుగుతుంటాడు, వెంట వస్తావా, పడవ విడిచి వస్తావా అని. ప్రతిదానికీ పడవవాళ్ల గుంపు అమ్మాయి బదులు 'ఆయ్' అంటుంది. కెజియా అబ్బాయిని తీసేసి ప్రభువును పెట్టింది. చేపలు పట్టేవాళ్లు పడవలు వదిలేసి ఆయన వెంట వెళ్లారు కదా. రెండో వరుస మార్చే పని కూడా పడలేదట.

"అప్పట్నుంచి ఆయన ప్రతి ఆదివారం ఆ పాటే నేర్పుతున్నారు. ఊరందరికీ తెలుసు. ఆయనకి మాత్రం ఎవరూ చెప్పరు."

"బయట ఎక్కడా వినలేదా? ఆటోల్లో కూడా అదే పాట కదే!"

"వినే ఉంటారు. విని ఏమనుకున్నారో అడిగే ధైర్యం నాకు లేదు."

సాయంత్రం అత్త ఫోన్ చేసింది. "పాప ఏమన్నా పలికిందా?"

"లేదత్తా."

"పాటలు పెడితివా?"

"లేదత్తా."

మా ఇద్దరి మధ్య ఆ మూడు రోజులూ ఇదే సంభాషణ.

అమలాపురం

మర్నాడు బూట్ల కోసం అమలాపురం వెళ్లాం. దారిలో అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల రాశులు ఇళ్ల ఎత్తున ఉన్నాయి. నేలలో పాతిన గునపం మీద కాయ పెట్టి మూడు విసుర్లలో పీచు డొక్క ఒలిచేస్తున్నారు. ఆ గునపం మొన చూసి తన్విని ఇంకో చంకకు మార్చుకున్నాను.

అమలాపురంలో బూటు మాకోసం ఎదురుచూడటం లేదు. కాలవ వంతెన మీద కాసేపు నిలబడి వెతికాను కూడా.

చెప్పుల కొట్టాయన తన్విని బల్ల మీద కూర్చోబెట్టి, "పాపగారూ, ఏ రంగు కావాలండీ?" అన్నాడు.

"ఎరుపండీ" అన్నాను.

"ఇవి సరిపోయేయాండీ?"

"కొంచెం బిగుతుగా ఉన్నాయండీ" అన్నాను.

కెజియా నా మోచేయి పొడిచింది. "కాళ్లు నీవా, దానివా?"

"అది చెప్పలేదు కదే."

"నువ్వు చెప్పనిస్తే కదా. అడిగినవాడి నోరు మూతపడకముందే నువ్వు చెప్పేస్తావు."

నాకు కోపం వచ్చింది. ఏడాది పిల్లాడు 'తాత' అంటుంటే ఎవరైనా ఏమైనా చెబుతారు అనుకున్నాను. పైకి అనలేదు.

బూట్లు రెండువందల యాభై. "రెండొందలకు ఇవ్వండి" అన్నాను.

"ఆయ్" అన్నాడాయన.

సంతోషంగా రెండు నోట్లు బల్ల మీద పెట్టాను. ఆయన వాటిని తీసుకుని, "ఇంకో యాభై అండీ" అన్నాడు.

"ఆయ్ అన్నారు కదండీ!"

"ఆయ్" అన్నాడు మళ్లీ, ఎంతో మర్యాదగా.

బయటికొచ్చాక కెజియా కడుపు పట్టుకుని నవ్వింది. ఇక్కడ 'ఆయ్' అంటే ఒప్పుకున్నట్టు అనుకోవద్దట. మీ మాట విన్నాను అని. ఒప్పుకోవడం తర్వాత సంగతి. కోనసీమ వెళ్లేవాళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు.

రాజోలు అవతల

మూడో రోజు గోదావరి వైనతేయ పాయ మీది వంతెన దాటి రాజోలు మీదుగా మలికిపురం దారిలో ఉన్న వాళ్ల ఊరికి వెళ్లాం. కొబ్బరిచెట్ల మధ్య శామియానా, రంగు కుర్చీలు, హార్మోనియం, డోలక్. ఆడవాళ్లం ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. ప్రార్థన మొదలవగానే ఆడవాళ్లు కొంగు తలమీద కప్పుకున్నారు. నేనూ చున్నీ కప్పుకున్నాను. పుట్టినరోజంటే మా వైపు ముందు కేకు, తర్వాత తిండి, ఎవరి గోల వారిది. ఇక్కడ ముందు గంటన్నర పాటలు, ప్రార్థనలు. బిడ్డ ఏడాది బతికి బట్ట కట్టినందుకు పదిమందిలో నిలబడి థాంక్స్ చెప్పుకుంటారు. పిల్ల జలుబు చేసినా నిద్రపోని నాకు ఆ పద్ధతి నచ్చింది.

దేవదానం మాస్టారు సన్నగా, పొడుగ్గా, తెల్ల చొక్కా, తెల్ల పంచెలో ఉన్నారు. నాకు చేతులు జోడించి, "మీరేనాండీ శైలజగారు? హాస్టల్లో రాత్రిళ్లు మా అమ్మాయితో కూర్చుని బైబిలు వాక్యం చదివించేవారట. చాలా సంతోషమండీ" అన్నారు.

కెజియా చెట్ల వైపు చూస్తోంది.

"ఆయ్" అన్నాను. విన్నానని.

చివర్లో సండే స్కూల్ పిల్లలను వరుసగా నిలబెట్టి పాట మొదలుపెట్టారు. 'ప్రభువు పిలిస్తే వస్తావా?' అని పాడి, ఒక పిల్లాడి ముఖంలోకి చూస్తూ ఆగిపోయారు. ఆ పిల్లాడు అంతమందిని చూసి బిగుసుకుపోయాడు. మాస్టారు మళ్లీ అడగలేదు. పక్కపిల్లాడిని అందుకోమనలేదు. హార్మోనియం కూడా ఆగింది. అందరం కూర్చున్నాం. వంటల దగ్గర గరిటె చప్పుడు వినపడుతోంది. చాలాసేపటికి ఆ పిల్లాడు "ఆయ్" అన్నాడు. మాస్టారు తలూపి రెండో వరుసలోకి వెళ్లారు.

ఫోన్లో పాట అలా ఆగదు. అబ్బాయి అడగడం పూర్తికాకముందే గుంపు 'ఆయ్' అనేస్తుంది. నిజానికి పన్నెండేళ్లు విన్నా, ఆ పాటలో ఎవరైనా జవాబు చెప్పాల్సిన చోటు ఒకటి ఉందని నాకు తోచలేదు.

పాట అయిపోయి అందరూ కళ్లు మూసుకున్నారో లేదో నా సంచీలోంచి వేణువు మోగింది.

పాటలు పెట్టనని మాట ఇచ్చాను గానీ నా రింగ్ టోన్ కూడా అదేనన్న సంగతి మరిచిపోయాను. సాయంత్రం దాకా ఆగలేక అత్త ఫోన్ చేసింది. ఫోను సంచీ అడుగున ఎక్కడో ఉంది. కెజియా ముఖం తెల్లబోయింది. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తన్వి నా ఒళ్లోంచి జారి, ఎర్రబూట్లు కీచుకీచుమంటుండగా శామియానా మధ్యకు పరుగెత్తింది.

మాస్టారు కళ్లు తెరిచారు.

"అది మన పాట కదా!" అన్నారు.



"కర్నూలు దాకా వెళ్లిందండీ మన పాట!" ఆయన ముఖం వెలిగిపోయింది. అందరివైపూ తిరిగి, "మీకెవరికీ చెప్పలేదు, బాధపడతారని. ఏదో సినిమా వాళ్లు కూడా ఎత్తుకుపోయేరు ఈ రాగాన్ని. ఆటోలో విన్నాను. ఇక్కడ షూటింగులకి వస్తారు కదా, మన పిల్లలు పాడుతుంటే విని ఉంటారు. పోన్లెండి, వాడుకోనివ్వండి" అన్నారు.

శామియానా మొత్తం "ఆయ్" అంది. కొంగుల చాటున నవ్వులు దాచుకున్నారు. కెజియా ఒక్కతే తలెత్తలేదు.

నేను ఫోను దొరికించుకుని నొక్కేశాను. పాట ఆగింది. తన్వి పెదవి వంకర పెట్టింది, ఏడవబోతోంది. మాస్టారు దాని ముందు గొంతుక్కూర్చుని, వేణువు ఆగిన చోట అందుకున్నారు.

'ప్రభువు పిలిస్తే వస్తావా?'

ఆగారు.

తన్వి నా వైపు చూసింది. నా నోరు దానంతట అది తెరుచుకుంది. కెజియా నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. గోళ్లు దిగాయి. నోరు మూసుకున్నాను.

తన్వి మళ్లీ నా వైపు చూసింది. నేను ఏమీ చెప్పలేదు. మాస్టారి వైపు తిరిగింది. ఆయన కనుబొమలు పైకెత్తి, అరచెయ్యి చాపి, అలాగే ఉన్నారు. తొందర లేదు. అన్నం చల్లారుతోందని ఎవరూ అనలేదు. మొదటి వరసలో ముసలావిడ విసనకర్ర ఆపేసింది. ఇది మాట్లాడదు, దీన్ని వదిలేయండి, అందరిముందూ ఎందుకు అని అరవాలనిపించింది. పాప బూటు ఒకసారి కీచుమంది.

"ఆయ్" అంది తన్వి.

సన్నగా, కానీ స్పష్టంగా. పాటలో ఆ మాట పడాల్సిన స్వరంలోనే.

మాస్టారు చప్పట్లు కొట్టలేదు. శభాష్ అనలేదు. ఇందాక ఆ పిల్లాడికి ఊపినట్టే తలూపి, 'పడవ విడిచి వస్తావా?' అని పాడి మళ్లీ ఆగారు.

ఈసారి అంతసేపు పట్టలేదు. మూడో వరుసకి ఆయన పూర్తి చేయకముందే అనేసింది. ముందు వరసలో ముసలావిడ "స్తోత్రం" అంది.

రొయ్యలు, ములక్కాడలు కలిపి వండిన కూర, చేపల పులుసు, కోడికూర వడ్డించారట. ఏం తిన్నానో గుర్తులేదు. చేతులు కడుక్కున్నాక మాస్టారి దగ్గరికి వెళ్లి, అంతసేపు ఎలా ఆగారండీ అని అడిగాను.

"ముప్పై ఎనిమిదేళ్లు బళ్లో నేను చేసింది అదేనండీ. అడగటం, ఊరుకోవటం" అన్నారు. "అయినా నాదేముందండీ, ఆ చోటు రాగంలోనే ఉంది. మా అమ్మాయి అలా కట్టింది."

కెజియా వాళ్ల నాన్నగారి భుజం మీద తువ్వాలు సర్దింది. ఆమె కళ్లు చెమర్చాయి. ఎప్పటికైనా చెబుతుందో లేదో నాకు తెలియదు.

మళ్లీ కర్నూలు

వచ్చి పది రోజులైంది. తన్వి పడుకున్నాక రోజూ కొంచెం కొంచెంగా ఇది రాశాను. అది నేర్చుకున్న మాట ఇప్పటికీ ఆ ఒక్కటే. డాక్టరు గారి దగ్గరికి వెళ్లేది వెళ్లేదే. పాటలు మళ్లీ పెడుతున్నాను. ఒక్క మూడో పాటను మాత్రం ఫోన్లో పెట్టను, నేనే పాడతాను. నా గొంతు బాగుండదు. తన్వికి ఆ పట్టింపు లేదు.

రైల్లోంచే అత్తకు ఫోన్ చేసి పాప పలికిందని చెప్పాను. ఏం పలికింది అంటే చెప్పాను. "అదేం మాట? మన మాట కాదే" అంది. ఇప్పుడు వంటింట్లోంచి రోజుకు ఇరవైసార్లు అడుగుతుంది, ఉగ్గాని తింటివా, బొమ్మ యాడ పెడితివి, నాయనొచ్చినాడా అని. అడిగి, చేతిలో గరిటె అలాగే పట్టుకుని ఆగుతుంది. అన్నిటికీ జవాబు ఒకటే. బొమ్మ ఎక్కడ పెట్టావంటే 'ఆయ్' అంటుంది. అయినా అత్త అడగడం మానదు.

ఈ ఉదయం ఎదురింట్లో కొత్తగా దిగినావిడ తోడుకు పెరుగు కోసం వచ్చింది. తన్విని చూసి వంగి, "పాపా, నీ పేరేమి?" అంది.

నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను.

తన్వి ఆవిడను చూసింది, నన్ను చూసింది, తన బూట్లు చూసుకుంది. ఆవిడ నా వైపు చూసింది. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. "చిన్నపిల్ల కదా, ఏం చెబుతుందిలే" అని ఆవిడ లేవబోయింది.

"ఉండండి" అన్నాను. "ఒక్క నిమిషం ఉండండి."